మసికి మరొక పని
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



గత సమావేశమున మన సంఘపు ఆడపడుచు ఒకతె పరిశోధనకై ధనసహాయము కోరినది. దరఖాస్తులో 'కర్బన సూక్ష్మకణములు' అను మాట చూచి, "మసిమీద కూడ పరిశోధనయా?" అని నవ్వినవారిలో నేనును ఒకడను. దరఖాస్తు తిరిగిపోయినది. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, రంగుల వ్యాపారమున మసిని బస్తాలుగా తూచి అమ్ముకొను వాడను. నవ్వుటకు అందరికంటె తక్కువ హక్కు నాదే. పిదప ఆమె దుకాణమునకు వచ్చి, విసుగు లేక చెప్పిన విషయమును నాకు పట్టుపడినంత మేరకు మీకు విన్నవించుచున్నాను.

మన పెద్దలు ఆముదపు దీపముపై పాత్ర బోర్లించి కాటుక పట్టెడివారు. కర్మాగారములందు నూనెను చాలినంత గాలి తగులనీయక కాల్చి తీయు కార్బన్ బ్లాక్ దానికి దగ్గరి చుట్టమే. అందలి మూలకణము కొన్ని పదుల నానోమీటర్లుండును. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. ఇది విద్యుత్తును ప్రసరింపజేయును. టార్చిలైటు సెల్లులోని మాంగనీసు డయాక్సైడు ఆ పనికి చాలదు గనుక అందు మసి కలుపుదురు. సెల్‌ఫోను బ్యాటరీలోను అంతే.

అయితే మసిది మొండి స్వభావము. నీటిలో వేసిన కలియక పైకి తేలును. రంగుల వారందరును ఎరిగిన బాధ ఇది. కణము లోపలిని కదల్పక పైతలమును మాత్రము మార్చుటయే దీనికి ఉపాయము. నత్రికామ్లముతో కాచినచో ఆక్సిజనుతో కూడిన సమూహములు పైతలమున ఏర్పడి నీటితో మైత్రి కుదురును. 1992లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు డయజోనియం లవణములను విద్యుత్తుచే క్షయకరించి, కోరిన సమూహములను కర్బనముపై గట్టిగా నిలుపవచ్చునని చూపిరి. మామిడికి అంటు కట్టినట్లే.

దీని ప్రయోజనమునకు ఆమె చెప్పిన దృష్టాంతము నన్ను మిక్కిలి ఆకర్షించినది. మెదడులో వార్తలు మోయు డోపమిన్‌ను కొలువవలెను. తోడుగా 'సి' విటమిను ఉండును. సాధారణ కర్బన ఎలక్ట్రోడుపై రెండును ఇంచుమించు ఒకే వోల్టేజి వద్ద ఆక్సీకరణము చెందును. వచ్చిన కరెంటు దేనిదో తెలియదు. కణములపై సల్ఫోనేటు సమూహములు కట్టినచో వాని పైతలము ఋణావేశము పొందును. శరీర ద్రవములలో డోపమిన్‌కు ధనావేశము, విటమినుకు ఋణావేశము. కావున మొదటిది దగ్గరకు లాగబడును, రెండవది త్రోసివేయబడును. ఈ కణములను ఎలక్ట్రోడుపై అంటియుంచుటకు రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్‌ను వాడుదురట! యానాం సోదరులు పారవేయు పెంకులకు ఇంత గౌరవము కలదని నేనెరుగను.

మధుమేహమున్నవారు ఇంట రక్తము పరీక్షించుకొను పట్టీలలో పెక్కింట అచ్చువేసిన కర్బనపు ఎలక్ట్రోడే యుండును. మన యిండ్లలో ఆ పట్టీ లేని యిల్లు ఎన్ని?

చిక్కులు లేకపోలేదు. శుద్ధ ద్రావణములో చక్కగా పనిచేసిన ఎలక్ట్రోడును రక్తములోని మాంసకృత్తులు కప్పివేయును, కొలత తప్పును. ఆమె పరిశోధింపదలచినది ఈ చిక్కునే.

ఆమె కోరినది ప్రయాణపు ఖర్చు, ఒక సంవత్సరపు వసతి మాత్రమే. ఆ దరఖాస్తును మరల కార్యవర్గము ముందుంచవలెనని ప్రతిపాదించుచున్నాను. నా వంతు చందా ఈ ఉదయముననే కోశాధికారిగారికి అందజేసితిని.