ఆడపిల్లవేనా అని అడిగేదెవరు?

(కర్నూలులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రీడల్లో ట్రాన్స్‌జెండర్ల అర్హత గురించి మాట్లాడతానంటే మనవాళ్లే కొందరు, "నీళ్లు, కూలి, వలస ఇన్నుండగా ఇదెందుకు?" అన్నారు. కర్నూలు, కడప పల్లెల్లో తిరిగేవాళ్లకు ఆ ప్రశ్న రావడం సహజమే. ఒక సంఘటన చెబుతాను.

2023 అక్టోబర్ 1న హాంగ్జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. టీ అమ్ముకునే తండ్రి కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. నాలుగే పాయింట్ల తేడాతో పతకం పోగొట్టుకున్న స్వప్నా బర్మన్, తాను ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ వల్ల ఓడిపోయానని సామాజిక మాధ్యమంలో రాసింది. తర్వాత తీసేసింది. ఆధారం చూపించమని నందిని అడిగింది. స్వప్న కూడా రిక్షా తొక్కిన తండ్రి కూతురే. ఇద్దరూ పేదింటి ఆడపిల్లలే!

అదే సంవత్సరం మార్చిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ, పురుషుడిగా యుక్తవయసు దాటిన ట్రాన్స్ స్త్రీలను అంతర్జాతీయ మహిళా పోటీల నుంచి తప్పించింది. పుట్టుకతోనే లైంగిక లక్షణాల్లో తేడాలున్న కొందరు స్త్రీలకు టెస్టోస్టిరాన్ లీటరుకు 2.5 నానోమోల్స్ లోపు ఉండాలంది. 2025 సెప్టెంబర్ నుంచి మహిళలందరికీ జన్యు పరీక్ష కూడా పెట్టింది. ఇదేమీ కొత్తది కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3387 మంది స్త్రీలను ఇలాగే పరీక్షిస్తే 8 మందికి 'తేడా' వచ్చింది. ఆ ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. 1999లో ఆ పరీక్షనే మానేశారు.

అమెరికాలో కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏ 2025 ఫిబ్రవరిలో, పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన వాళ్లకే మహిళా పోటీలంది. అంతకు రెండు నెలల ముందే దాని అధ్యక్షుడు, 5 లక్షల 10 వేల మంది క్రీడాకారుల్లో ట్రాన్స్ వ్యక్తులు పదిమంది కూడా ఉండరని సెనేట్ కమిటీకి చెప్పాడు.

యుక్తవయసులో వచ్చే ఎత్తు, కండబలం ఆటలో లెక్కలోకి రావని నేననను. ఒలింపిక్ పతకం దగ్గర అది అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ కొలబద్దే కాలేజీ కబడ్డీకీ తెస్తే ఏమవుతుంది?

కడప జిల్లాలో ఒక కాలేజీ మైదానంలో పిల్లలతో కూర్చున్నాను. జుట్టు కత్తిరించుకున్న పిల్లను చూపించి "దీన్ని మగరాయుడంటాం మేడం" అని నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తర్వాత పక్కకొచ్చి చెప్పింది. పోయినేడు ఎదుటి జట్టువాళ్లు ఇది ఆడపిల్లేనా అని గొడవ చేస్తే, ఒక టీచరమ్మ బాత్‌రూంలోకి తీసుకుపోయి 'చూసి' వచ్చి సరేనందట. "అమ్మకు చెప్పల్యా మేడం, చెప్తే ఆట మాన్పిస్తారు" అంది. అలా చూడమని ఏ నియమంలో ఉంది?

అక్కడి పీడీ గారిని ట్రాన్స్ విద్యార్థుల గురించి అడిగితే "మా దగ్గర అట్లాంటోళ్లు ఎవరూ లేరు" అన్నారు. నిజమే కావచ్చు. కర్నూలులో నాతో మాట్లాడిన ఒక ట్రాన్స్ స్త్రీ ఇంటర్ దాకా ఖోఖో ఆడింది. మగపిల్లల హాస్టల్లో రాత్రిళ్లు పడుకోలేక చదువే మానేసింది. అర్హత నియమం దాకా ఆమె రానేలేదు.

2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 13వ సెక్షన్, ప్రభుత్వ సాయమో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థా వాళ్లకు ఆటల్లో వివక్ష లేని అవకాశం ఇవ్వాలని చెప్పింది. ఆ పీడీ గారు దాన్ని చూడలేదు. నిజం చెప్పాలంటే, మొన్నటిదాకా నేనూ చూడలేదు. ఆ పేజీ జిరాక్సులు తెచ్చాను, తలా ఒకటి తీసుకోండి. కాలేజీలకు వెళ్లినప్పుడు హాస్టల్ సంగతి ముందు అడగండి. ఆటల్లో ఆడపిల్ల ఒంటిమీద అనుమానం వస్తే అక్కడ ఎవరేం చేస్తున్నారో పిల్లల్నే, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు, అడగండి.