మూసిన కవర్లు



మనిషి తెలివికి హద్దులెక్కడ అన్న విషయం మీద మాట్లాడమన్నారు. వేదాంతం తెలిసినవారికి ఇవ్వాల్సిన అంశం ఊపిరితిత్తుల డాక్టరుకి ఇచ్చారు. నాకు తెలిసింది టీబీ ఒక్కటే కాబట్టి దాని గురించే చెప్తాను. హద్దులకు అందులో కొదవ లేదు.

1947 జనవరిలో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ మీద ఒక పరీక్ష మొదలైంది. మందు 1943లోనే అమెరికాలో బయటపడింది. యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్‌కి డాలర్ల కటకట. తెప్పించుకోగలిగిన కాస్త మందు ఆ దేశపు రోగులకు ఏ మూలకూ చాలదు. రెండు ఊపిరితిత్తులకూ వేగంగా పాకుతున్న జబ్బుతో ఉన్న 107 మందిని తీసుకున్నారు. అందరూ పడుచువాళ్లే. 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు మందు, మిగతా 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎవరికి ఏదన్నది డాక్టరు ఇష్టానికి వదల్లేదు. బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు ముందుగానే వరస తెలియని అంకెల పట్టికతో చీటీలు తయారుచేసి, కవర్లలో పెట్టి అంటించాడు. రోగిని చేర్చుకోవడం ఖాయమయ్యాకే కవరు చించాలి. ‘ఎస్’ వస్తే సూది, ‘సి’ వస్తే మంచం. ఈ హిల్ కూడా మొదటి ప్రపంచయుద్ధంలో టీబీ తెచ్చుకుని ఏళ్ల తరబడి మంచాన పడి లేచినవాడే. ‘సి’ చీటీ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆరు నెలలు తిరిగేసరికి మందు అందిన 55 మందిలో నలుగురు పోయారు. అందని 52 మందిలో 14 మంది పోయారు. ఎక్స్‌రేలు చదివినవాళ్లకు ఏది ఎవరిదో తెలియదు కనక జబ్బు తగ్గిందా లేదా అన్న తీర్పులో పక్షపాతం అనడానికీ వీల్లేదు.

ఆ పద్నాలుగు మంది సంగతేమిటి అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒక విద్యార్థి అడుగుతాడు. అడగాలి కూడా. హిల్ పక్షాన రెండు జవాబులున్నాయి. ఎలాగూ అందరికీ చాలినంత మందు లేదు. పైగా అది పనిచేస్తుందని ఖాయంగా ఎవరికీ తెలియదు. తెలిసి ఇవ్వకపోతే ఘోరం, తెలియదు కనకనే చీటీ వేయడం న్యాయం. ఈ వాదన నాకు సమ్మతమే. పలుకుబడితో మందు తెప్పించుకున్నవాళ్లూ ఆ రోజుల్లో ఉన్నారు. రచయిత జార్జ్ ఆర్వెల్‌కి 1948లో స్నేహితుడి ద్వారా, మంత్రి అనుమతితో అమెరికా నుంచి వచ్చింది. ఒంటికి పడక మధ్యలోనే ఆపేశారు. 1950 జనవరిలో ఆయన పోయాడు. సిఫార్సు ఉత్తరం కన్నా చీటీయే ధర్మమని నేననుకుంటాను. సిఫార్సు రుచి తెలిసిన దేశంలో ఉన్నాం కాబట్టి ఇది మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ‘సి’ చీటీ వచ్చినవాళ్లకు తాము ఒక పరీక్షలో ఉన్నామనే తెలియదు. ఎవరూ చెప్పలేదు. అదే 1947లో, ఆగస్టులో, నూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్ల మీద తీర్పిస్తూ న్యాయమూర్తులు మనిషి మీద ప్రయోగానికి అతని సమ్మతి తప్పనిసరి అన్నారు. ఆ తీర్పు వెలువడేనాటికి బ్రిటన్ వార్డుల్లో ఈ పరీక్ష నడుస్తూనే ఉంది. నడిపినవాళ్లు దుర్మార్గులు కారు. మందు గురించి తమకు తెలియదని ఒప్పుకునే వినయం వాళ్లకుంది. మనిషికి ఏం బాకీ ఉన్నామన్నది కూడా తమకు పూర్తిగా తెలియదేమోనన్న అనుమానం మాత్రం రాలేదు. మొదటిదానికి కవర్లు, అంకెలు, ఎక్స్‌రేలు ఉన్నాయి. రెండోదానికి అలాంటి సరంజామా ఏదీ లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. అయిదేళ్ల తర్వాత లెక్క చూస్తే మందు తీసుకున్నవాళ్లలో 32 మంది, తీసుకోనివాళ్లలో 35 మంది పోయి ఉన్నారు. క్రిములు మందుకి అలవాటుపడిపోయాయి. ఆరు నెలలకు దొరికిన జవాబు ఆరు నెలలకే సరిపోయింది. పాస్ అనే ఇంకో మందు కలిపి ఇస్తే క్రిములు అంత తొందరగా మొండికెయ్యవని ఆ తర్వాతి పరీక్షల్లో తేలింది.

ఇక మన వైపు వద్దాం. టీబీ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంకి పంపడమనేది మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన మాట. మంచి గాలి, బలమైన తిండి, పూర్తి విశ్రాంతి కావాలి. అన్నిటికంటే ముఖ్యం ఇంట్లో పిల్లలకు దూరంగా ఉండాలి. ఇది వైద్యమూ, ధర్మమూ కూడా. మంచాలు మాత్రం కొద్ది మందికే. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో టీబీ కీమోథెరపీ కేంద్రం పెట్టి, రోగుల్లో సగం మందిని శానటోరియంలో ఉంచారు, సగం మందిని ఇరుకు కొంపలకే పంపేశారు. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాదిపాటు. ఇళ్లలో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, చాకిరీ ఎక్కువ. అయినా 1959లో వచ్చిన ఫలితాల్లో రెండు పక్షాలూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటడం కూడా ఎక్కువ కాలేదని ఆ తర్వాత తేలింది. అంటవలసింది చాలావరకు జబ్బు బయటపడకముందే అంటేసింది. తల్లిని బిడ్డ నుంచి విడదీసి పంపడం అప్పటిదాకా మంచి డాక్టరు చేసే పని. ఆ ఫలితాల తర్వాత అది అక్కర్లేని క్రూరత్వం. ధర్మసందేహం అనుకున్నది కాస్తా సమాచారం కొరతగా తేలింది.

అన్నీ ఇలాగే తేలిపోతాయనుకోకండి. బ్రిటన్‌లో బాగా పనిచేసిన బీసీజీ టీకా మద్రాసు పక్కనే చెంగల్పట్టులో జరిగిన పెద్ద పరీక్షలో పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఏమాత్రం ఆపలేదు. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పసిపిల్లలకు మెదడు పొరల టీబీ రాకుండా కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేస్తూనే ఉన్నాం. ఇది నన్ను పెద్దగా బాధపెట్టదు. ఎవరో ఒకరు తేలుస్తారు.

బాధపెట్టేది ఓపీలో ఎదురవుతుంది. ఇరవై దాటిన కోడలు, చంకలో బిడ్డ, కళ్లె పరీక్షలో టీబీ. “పాలివ్వచ్చా సార్?” అంటుంది. ఇవ్వచ్చమ్మా, మాస్కు కట్టుకుని ఇవ్వు, బిడ్డని ఒకసారి మాకు చూపించు అని ధైర్యంగా చెప్పగలను. ఆ వెంటనే గొంతు తగ్గించి, “మా అత్తకి చెప్పకండి సార్, పుట్టింటికి పంపేస్తారు” అంటుంది. అదే ఇంట్లో ఆడపడుచు పిల్లలు ఇద్దరు, అయిదేళ్ల లోపువాళ్లు. వాళ్లను పరీక్ష చేసి, నివారణ మందు ఇవ్వాలి. 2012 నుంచి ప్రతి టీబీ కేసూ ప్రభుత్వానికి తెలపాలని ఉత్తర్వుంది. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు. వెయ్యిమంది కోడళ్లకు చీటీలు వేసి సగం మంది రహస్యం దాచి, సగం మందిది బయటపెట్టి లెక్కగట్టినా, కాపురానికి ఎన్ని మార్కులు, పిల్లవాడి ఊపిరితిత్తికి ఎన్ని మార్కులు అన్నది ఆ లెక్క చెప్పదు.

నేను చేసేది ఇది. ముందు భర్తని తీసుకురమ్మంటాను. చాలాసార్లు అతనే దారి చూస్తాడు. ఆమె దానికీ ఒప్పుకోకపోతే, ఆశా కార్యకర్తను ఆ వీధి మొత్తానికీ దగ్గు సర్వే పేరుతో పంపి, అందరితో పాటు ఆ పిల్లల్నీ చూపిస్తాను. నా జూనియర్ ఒకావిడ దీన్ని అబద్ధం అంటుంది. అబద్ధంతో కాపాడుకున్న రహస్యం వీధిలో బయటపడ్డ రోజున ఆ కోడలికి మీరు అడ్డం నిలబడతారా అని అడుగుతుంది. నిలబడలేను. అలాగని పిల్లల్ని పరీక్ష చేయకుండా వదలనూలేను.

ఈ సభలో నాకంటే ఎక్కువ ఓపీ చూసినవారున్నారు. మీరు ఏం చేశారో, ఎందుకు చేశారో ఇప్పుడు చెప్తే వింటాను.