తల్లిని తూచే కాటా
(మదనపల్లెలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తల్లి కువైట్‌లో పరాయి బిడ్డకు అన్నం తినిపిస్తుంటుంది. ఆమె బిడ్డ ఇక్కడ అవ్వ కొంగు పట్టుకుని పెరుగుతుంటుంది. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల ఇది కొత్త సంగతి కాదు. తల్లి లేని పెంపకమనే నింద కూడా కొత్తది కాదు. ఇప్పుడు ఆ నిందే 'అటాచ్‌మెంట్' అనే శాస్త్రం పేరుతో కౌన్సెలింగ్ గదుల్లోకి వస్తోంది. ఇంతకీ కొలుస్తున్నది దేన్ని?

తల్లితోగానీ, శాశ్వతంగా ఆ స్థానంలో ఉండే మనిషితోగానీ బిడ్డకు ఎడతెగని ఆప్యాయత కావాలని జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదించాడు. ప్రచారంలో 'ఆ స్థానంలో ఉండే మనిషి' జారిపోయింది, తల్లి మిగిలింది.

మేరీ ఐన్స్‌వర్త్ 1954-55లో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డల్ని వాళ్ల ఇళ్లలోనే గమనించింది. తర్వాత అమెరికాలో ఆమె రూపొందించిన పరీక్ష మాత్రం ఒక గదిలో, సుమారు ఇరవై నిమిషాల్లో జరిగేది. ఏడాది నిండిన బిడ్డను తల్లి రెండుసార్లు వదిలి వెళ్తుంది. వెళ్లినప్పటి ఏడుపు కన్నా, తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ముఖ్యం. జపాన్‌లోని సప్పోరోలో ఎందరో పిల్లలు ఎంతకీ ఊరుకోలేదు. తల్లిని అరుదుగా తప్ప వదిలి ఉండని పిల్లలకు ఆ పరీక్షే పెద్ద దెబ్బ. మరి అవ్వ, పిన్ని, పక్కింటి అక్క చేతులు మారే మన బిడ్డ ఆ గదిలో ఏం చేస్తుంది? అది తెలియాలంటే ముందు అవ్వను గదిలోకి రానివ్వాలి కదా!

పెద్దవాళ్లకు వేరే పద్ధతి ఉంది. 1980ల మధ్యలో మేరీ మెయిన్ బృందం తయారుచేసింది. అమ్మతో మీ సంబంధాన్ని ఐదు మాటల్లో చెప్పమంటారు, ఒక్కో మాటకూ ఒక జ్ఞాపకం అడుగుతారు. బాల్యం సుఖంగా గడిచిందా లేదా అన్నదానికి కాదు, చెప్పే తీరులోని పొందికకే విలువ కడతారు. 'మా అమ్మ దేవత' అని, ఒక్క సంఘటనా చెప్పలేకపోతే అదీ లెక్కలోకి వస్తుంది. ఈ శాస్త్రంలో నాకు బాగా నచ్చింది ఇదే.

మన మార్కెట్లో టమోటా తూచే కాటాకైనా తూనికల శాఖ ముద్ర ఉండాలి. ఈ కొలతల్లో చాలావరకు ఒక్కో బిడ్డపై తీర్పు చెప్పడానికి పనికిరావని ఈ రంగంలోని 70 మంది నిపుణులే 2021లో కుటుంబ న్యాయస్థానాల గురించి రాశారు. పిల్లల చుట్టూ ఉన్న బంధాలన్నిటికీ విలువ ఇమ్మన్నారు.

అందుకే, కువైట్ నుంచి తిరిగొచ్చిన తల్లికి బిడ్డ కస్టడీ దావాలో 'బంధం బలహీనం' అనే రిపోర్టు ఎదురైతే మనం అడగాలి: ఏ పరీక్ష చేశారు? ఎవరు చేశారు? ఆ వయసు బిడ్డకు అది వర్తిస్తుందా? అవ్వను పిలిచారా? అప్పు తీర్చమని ఆమెను విమానం ఎక్కించినవాళ్లను ఎవరైనా ఏమైనా అడిగారా?