అడ్డగీత



విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద రెండు జాతీయ రహదారులు కలియుచున్నవి. ఒకటి చెన్నై, కోల్‌కతా నగరములను కలుపు 16వ నంబరుది. రెండవది పుణె నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణమునకు వచ్చు 65వ నంబరుది. ఇట్టి కూడళ్ళకు ముందు నేలపై అడ్డముగా ఒక తెల్లని గీత గీచియుండుట పరిపాటి. నోరు లేని ఆ గీత 'ఇచ్చట నిలువుము' అని వాహనములను శాసించును. పత్రములోని అడ్డగీత చేయు పనియు ఇట్టిదే. ఒక విషయము ముగిసినదనియు, ఇక వచ్చునది వేరనియు అది చదువరికి తెలుపును.

తాటాకుల కాలమున మనవారికి ఈ సౌకర్యము లేదు. గంటముతో అడ్డముగా నిడుపాటి గీత గీచినచో ఆకు పీచు వెంట చీలు ప్రమాదము కలదు. తెలుగు అక్షరములు గుండ్రదనము దాల్చుటకు ఇదియు ఒక కారణమని పలువురు చెప్పుదురు. పిమ్మట కాగితము వచ్చినది, రూళ్ళకఱ్ఱ వచ్చినది, చిట్టాలో మొత్తము క్రింద గీత పడినది. అచ్చుకూటములలో పంక్తుల నడుమ ఇత్తడి రూళ్ళను బిగించెడివారు. 'రూలు' అన్నచో మనకు గీతయు, నిబంధనయు రెండును స్ఫురించుట ఉచితముగనే యున్నది.

నేడు ఆ ఇత్తడి రూలు పనిని కంప్యూటరు చేయుచున్నది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో క్రొత్త పంక్తి మొదట మూడు హైఫనులు కొట్టి ఎంటర్ మీటను నొక్కినచో, ఈ అంచు నుండి ఆ అంచు వఱకు సన్నని గీత ఏర్పడును. అండర్‌స్కోరులకు లావు గీత, సమాన చిహ్నములకు జంట గీత, నక్షత్రములకు చుక్కల గీత లభించును. ఇది అక్షరముల వరుస కాదు. పై పేరాకు అమరిన క్రింది అంచు. అందుచేతనే చెరుపు మీటకు సులభముగా లొంగదు. వెంటనే కంట్రోలు, జెడ్ మీటలను కలిపి నొక్కినచో గీత పోయి హైఫనులు మరల వచ్చును. ఆలస్యమైనచో, పై పేరాలో నిలిచి, బోర్డర్స్ పట్టికలో 'నో బోర్డర్' అనుదానిని ఎంచుకొనవలెను.

అండర్‌స్కోరులను వరుసగా కొట్టి గీతను కల్పించువారు కలరు. అక్షర పరిమాణము గాని, కాగితపు కొలత గాని మారినచో ఆ గీత పొట్టిదగును. లేదా విఱిగి రెండవ పంక్తిలోనికి దిగును. అంచు గీతకు ఈ బాధ లేదు.

తెలుగునకు మఱియొక జాగ్రత్త వలయును. 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటలలో ఒత్తులు క్రిందికి వ్రేలాడును. గీత మిక్కిలి దగ్గఱగా ఉన్నచో ఒత్తులను అంటి, చదువుట కష్టమగును. వర్డ్ సాధారణముగా పంక్తికిని గీతకును నడుమ ఒక పాయింటు, అనగా అంగుళములో 72వ వంతు మాత్రమే విడుచును. దానిని నాలుగైదు పాయింట్లకు పెంచుట మేలు.

రసీదులోను, ఒప్పందములోను గీత అలంకారము కాదు. మొత్తము క్రింద గీత పడిన పిదప అంకె చేరరాదు. చివరి షరతు క్రింద గీత పడిన పిదప మఱియొక షరతు చేరరాదు. సిరాగీతను దిద్దినచో జాడ మిగులును. కంప్యూటరు గీతను ఎన్నిమార్లు జరిపినను ముద్రించిన కాగితముపై ఆ జాడ కనబడదు. కావున సంతకము చేయువారు పత్రమును చదువుటతో తృప్తి చెందక, గీత ఎచ్చట నున్నదో, దానికిని తమ సంతకమునకును నడుమ ఖాళీ ఎంత యున్నదో చూచుకొనవలెను. ఖాళీ మిగిలియున్నచో, దానిపై చేతితో సిరాగీతను గీచి, ప్రక్కన పొట్టి సంతకము చేయుట శ్రేయస్కరము.