ధిక్కారమును, విధ్వంసమును
(మంథని సభయందలి ప్రసంగ పాఠము)

2011 మార్చి 10వ తేదీన తెలంగాణీయులు నిషేధమును మీఱి ట్యాంకుబండు చేరిరి. నిషేధమును బహిరంగముగ మీఱినవాడు శిక్షకు సిద్ధపడియే వచ్చును. అంతవఱకు మేము సమర్థింతుము. విగ్రహములు కూల్చినవాడో, గుంపున దాగును. అస్పృశ్యతపై కలము దూసిన జాషువా మనకేమి యపకారము చేసెను? శ్రీశ్రీ యేమి చేసెను?

పోలీసులును నిర్దోషులు కారు. ముందుగనే ఊరూర పలువురను నిర్బంధించిరి. గుంపునకు పగ్గము వేయగలవారిని ఠాణాలలో నుంచి, పగ్గము తెగెనని వగచుట యేమి న్యాయము? చట్టము చెప్పు క్రమము వేఱు: మొదట చెదరిపొమ్మని యాజ్ఞ, వినకున్న అవసరమైనంత బలము. గునపము పట్టినవానిని పట్టుకొని 1984 నాటి ప్రజాఆస్తుల చట్టముక్రింద విచారింపుడు. జెండా పట్టినవానిని పోనిండు.

నష్టమును కారకులనుండియే రాబట్టవలెనని సుప్రీంకోర్టు 2009లో నిర్దేశించెను. సభ పిలిచిన సంఘములును ఆ లెక్కకు తలయొగ్గవలెను, మన సంఘమైనను సరే.