తెరిచినా తెరుచుకోని పుస్తకం



ఎవరి పేరిట మనం ఇవాళ ఎడ్లపాడులో కూర్చున్నామో, ఆ మాస్టారు నల్లబల్ల మీద బొమ్మ వేస్తే వేస్తున్నంతసేపూ నోటితో చెబుతూనే ఉండేవారు. "ఇదిగో గుండ్రంగా ఒక గీత, దాని నడిమి నుంచి అడ్డంగా ఇంకొకటి" అని. క్లాసులో చూపు సరిగా ఆనని పిల్లవాడు ఒకడు ఉండేవాడని, ఆ మాటలన్నీ వాడి కోసమేనని మాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ అలవాటులోనే ఉంది.

ఇప్పుడు బడిపుస్తకం ఫోన్లోకి వచ్చింది. 2017లో దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదిక మొదలైంది. పాఠం పక్కనున్న క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే వీడియో వస్తుంది. రాష్ట్ర పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఎవరైనా దించుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే ఉచితంగా ఇవ్వడం ఒకటి, చదవగలిగేలా ఇవ్వడం మరొకటి.

చూపులేని పిల్లలు ఫోను ఎలా వాడతారో చాలామందికి తెలియదు. తెర మీద వేలు జరుపుతుంటే అక్కడున్నది ఫోను పైకి చదువుతుంది. కంప్యూటర్లో ఈ పని చేసే ఎన్‌వీడీఏ ఉచిత సాఫ్ట్‌వేర్. 2006లో దానికి శ్రీకారం చుట్టిన ఆస్ట్రేలియా యువకులిద్దరూ అంధులే. తెలుగు చదివే గొంతు కూడా ఎప్పుడో వచ్చింది. యంత్రం సిద్ధంగా ఉంది, గొంతు సిద్ధంగా ఉంది. సిద్ధంగా లేనిది పుస్తకమే.

కిందటేడు ఒక డిగ్రీ విద్యార్థి తన ఫోను నా చెవి దగ్గర పెట్టి, "వినండి సార్, ఇది మా తెలుగు పుస్తకం" అన్నాడు. విన్నాను. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు తప్ప ఒక్క తెలుగు మాట లేదు. అదే పేజీని కళ్లతో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

కారణం మన డీటీపీ సెంటర్లలో పనిచేసినవారికి తెలుసు. ఏళ్ల తరబడి మన పుస్తకాలు అను ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట తెలుగు అక్షరం రూపాన్ని కూర్చోబెట్టారు. కంటికి కనిపించేది తెలుగు, లోపల యంత్రానికి అందేది ఇంగ్లీషు అక్షరాల కుప్ప. అచ్చు వేసినంతకాలం దీనివల్ల నష్టం లేదు. ఆ కాలానికి అది తెలివైన ఉపాయమే, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ప్రతి భాష అక్షరానికీ దాని సొంత గుర్తునిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మండలి, సురవరం, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా పాత దారినే పట్టుకుని ఉండటానికి నాకు సాకు కనిపించడం లేదు. ఇక పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసేవాళ్లున్నారు. అందులో యంత్రం చదవడానికి అక్షరమే లేదు.

యూనికోడ్ పాఠం ఒకటి చేతిలో ఉంటే దాన్నుంచి గొంతు వస్తుంది. అదే పాఠాన్ని భారతి బ్రెయిలీలోకి మార్చుకోవచ్చు. చూపు తక్కువైన పిల్లకు ఈపబ్ రూపంలో ఇస్తే అక్షరం ఎంత పెద్దది చేసినా వాక్యం తెర దాటిపోదు, కిందికి సర్దుకుంటుంది. పీడీఎఫ్‌లో ఆ పిల్ల ప్రతి వాక్యానికీ పేజీని కుడికీ ఎడమకూ లాగుతూ ఉండాలి. మన రాష్ట్రంలో 2020 నుంచి ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఏ పేజీ ఏ భాషో ఫైలులోనే గుర్తు పెట్టాలి. లేకపోతే గొంతు తడబడుతుంది.

ఇక బొమ్మల సంగతి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన, చూపులేని శ్రీకాంత్ బొల్లా కథ మీకు తెలుసు, సినిమాగా కూడా వచ్చింది. పదో తరగతి తర్వాత ఆయనను సైన్సు చదవనివ్వలేదు. చెప్పిన కారణం, ఆ పాఠాల్లో బొమ్మలూ గ్రాఫులూ ఎక్కువని. కోర్టుకు వెళ్లి గెలిచారు. గురువు ఒకరు పాఠాలను ఆడియోగా మార్చి ఇచ్చారు. 98 శాతం మార్కులతో పాసై అమెరికాలోని ఎంఐటీకి వెళ్లారు. బొమ్మ కనిపించనివాడికి సైన్సు వద్దన్నారే గాని, బొమ్మను మాటల్లో చెబుదామని వారిలో ఎవరికీ తోచలేదు. పుష్పం భాగాలు, విద్యుత్ వలయంలో బల్బు, పటంలో కృష్ణానది దారి, వీటిలో ప్రతిదాన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. అది కంప్యూటర్ పని కాదు, పాఠం చెప్పడం వచ్చినవారి పని.

వినికిడి లేని పిల్లల అవసరం వేరు. వారి భాష సైగల భాష. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను భారతీయ సంజ్ఞా భాషలోకి తెచ్చే ఒప్పందం 2020 అక్టోబరులో జరిగింది. ఆ విషయానికి వేరే ఉపన్యాసమే కావాలి.

చట్టం మన వైపే ఉంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వికలాంగుల కోసం పుస్తకాన్ని వారు చదవగల రూపంలోకి మార్చడానికి అనుమతిచ్చారు. ఇదే విషయంపై దేశాల మధ్య 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం, అర్హులైన పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలంది. అదే ఏడాది చూపులేనివారు చదవగల పుస్తకాల ఆన్‌లైన్ గ్రంథాలయం, సుగమ్య పుస్తకాలయం మొదలైంది. స్వచ్ఛంద కార్యకర్తలు పుస్తకాలను స్కాన్ చేసి, తప్పులు దిద్ది ఇస్తున్నారు. వారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ప్రభుత్వం తానే కంప్యూటర్లో కూర్చిన పాఠాన్ని, ఇంకెవరో రాత్రిళ్లు కూర్చుని మళ్లీ స్కాన్ చేసి దిద్దాల్సి రావడం అన్యాయం. ప్రెస్సుకు పంపిన రోజునే యూనికోడ్ ప్రతినీ, బొమ్మల వివరణనూ కలిపి విడుదల చేయాలి. పుస్తకం తయారుచేసే కాంట్రాక్టులోనే ఆ షరతు రాయాలి.

మన మండలంలోని కొండవీడులో శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్నాడు. ఆ పదవి పేరు నేటికీ మన మండల కార్యాలయం గుమ్మం మీద ఉంది. ఈ వేదిక నుంచి మండల విద్యాధికారి గారికీ, ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. ఈ రాత్రి మీరు చెప్పే పాఠం పీడీఎఫ్ తెరవండి. ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు రాకపోతే ఆ పుస్తకం పేరు, పేజీ సంఖ్య రాసి పై అధికారులకు పంపండి. వచ్చినా రాకపోయినా, ఆ పాఠంలోని ఒక్క బొమ్మను మాటల్లో రాసి, మీ గొంతుతోనే రికార్డు చేసి, చూపులేని ఒక విద్యార్థికి పంపండి.