గ్రాఫిక్స్ కార్డు కొనుటకు ముందు
(మన సంఘపు ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద ఇంతవరకు తెలుగు బడులను గురించియు, గ్రంథాలయమును గురించియు, మన భాషకు దక్కవలసిన స్థానమును గురించియు మాటలాడుచు వచ్చితిమి. నేడు కంప్యూటరు ఆటలను గురించి మాటలాడెదమన్నప్పుడు కొందరు పెద్దలు నవ్విరి. నవ్వుట న్యాయమే. కాని గౌరిబిదనూరులోని మా అంగడికి వచ్చి, కుమారుని కంప్యూటరు కొరకు ఇరువది వేలు, ముప్పది వేలు లెక్కపెట్టి ఇచ్చు తండ్రులు ఇప్పుడు అరుదు కారు. ఆ సొమ్ము పట్టుగూళ్ళ సొమ్ము, టమాటాల సొమ్ము. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడి, బడిలో కన్నడము చదివి, యంత్రము మీద వచ్చు ఇంగ్లీషును తామే ఎట్లో అర్థము చేసికొనుచున్నారు. తండ్రులకు అదియును లేదు. కనుక ఈ సంగతిని తెలుగులో ఒకమారు విప్పి చెప్పుట అవసరమని తలచితిమి.

మేము పదవ తరగతికి మించి చదివినవారము కాము. టేపు రికార్డర్ల మరమ్మతుతో మొదలుపెట్టి కంప్యూటర్ల అమ్మకమునకు వచ్చినవారము. పండితుల వలెగాక అంగడివారి వలెనే చెప్పెదము. ముందుగా మా తప్పు చెప్పుకొనెదము.

గత సంవత్సరము బాగేపల్లి వైపు నుండి ఒక రైతు, డిప్లమా చదువుచున్న తన కుమారునితో మా అంగడికి వచ్చెను. ఆ బాలుని కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు మంచిదే. ప్రాసెసరు మాత్రము ఎనిమిదేండ్ల నాటిది. అతడు ఆడు ఆటలో అడవిలో తిరుగునప్పుడు బొమ్మ చక్కగా కదలును. నగరములో జనసమ్మర్దము మధ్యకు పోగానే తడబడును. మేము చూచి, ప్రాసెసరు, బోర్డు, మెమరీ మూడును మార్చవలెనంటిమి. 26,000 రూపాయలైనది. తడబాటు పోయినది. మేమును మంచి సలహా ఇచ్చితిమని సంతోషించితిమి.

రెండు నెలల పిమ్మట మా వీధిలోని మరియొక బాలుడు అట్టి పాత ప్రాసెసరుతోనే, అదే ఆటను, అదే నగరములో తడబాటు లేక ఆడుచుండుట చూచితిమి. ఏమి చేసితివని అడుగగా, ఆట సెట్టింగులలో ‘డైరెక్ట్‌ఎక్స్ 11’ అని యున్నచోట ‘వల్కన్’ అని మార్చితినని చెప్పెను. అంతే. ఆ రాత్రియే, రైతు కుమారుని యంత్రము నుండి తీసి అటక మీద పెట్టిన పాత భాగములను దింపి మేము పరీక్షించితిమి. ఒక్క మాట మార్చినంతనే నగరములోని తడబాటు చాలమట్టుకు పోయినది. 26,000 రూపాయల పనిని రూపాయి లేకుండ చేయదగియుండెనని అప్పుడు తెలిసినది.

ఆ మాట ఏమి? దాని వెనుక నున్న మర్మమేమి? ఇదియే నేటి విషయము.

కంప్యూటరు తెర మీద అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. అనగా ఒక్క బొమ్మకు ఇంచుమించు 20 లక్షల 73 వేల చుక్కలు. సెకనుకు 60 బొమ్మలు కావలెనన్నచో 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క బొమ్మకు దొరకు కాలము సెకనులో అరువదియవ వంతు మాత్రమే. ఈ పనిని గ్రాఫిక్స్ కార్డులోని వేలకొలది చిన్న లెక్కకులు కలిసి చేయును. మన గౌరిబిదనూరు చెంత 1970ల దశకమున నిర్మించిన రేడియో దూరదర్శిని పెద్దలకు జ్ఞాపకముండును. ఇంగ్లీషు ‘టీ’ అక్షరపు ఆకారమున వేయి చిన్న ఏరియల్‌లను పరచి, వాని యన్నిటి వినికిడిని ఒకటిగా కూర్చి ఆకాశమును విన్నారు. కార్డును అట్టిదే: ఒక్కొక్కటి అల్పము, కూడినచో బలము. అయితే ఆ వేలమందికి ఏ పని చేయవలెనో చెప్పువాడు కావలెను. ఆ చెప్పు పని ప్రాసెసరుది. చెప్పుటకొక ఒప్పుకొన్న భాష యున్నది. దానినే గ్రాఫిక్స్ ఏపీఐ అందురు. డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, వల్కన్ అనునవి ఆ భాషల పేర్లు.

మండీని తలచుకొనుడు. పాత పద్ధతిలో ప్రతి బస్తాను గుమాస్తా తూచవలెను, చిట్టాలో వ్రాయవలెను, చీటీ ఇయ్యవలెను. పిమ్మటనే హమాలీ దానిని లారీకెత్తవలెను. హమాలీలు నలుబదిమంది యున్నను, గుమాస్తా చేయి ఎంత వేగముగా కదలునో లారీ అంత వేగముగానే నిండును. డైరెక్ట్‌ఎక్స్ 11 వరకు గ్రాఫిక్స్ పని ఇట్లే జరిగినది. గుమాస్తా స్థానమున ‘డ్రైవరు’ అను సాఫ్ట్‌వేరు. ‘ఈ చెట్టు గీయుము, ఈ మనిషిని గీయుము’ అని ఆట పంపు ప్రతి ఆజ్ఞను అది పరీక్షించి, మెమరీలో చోటు చూచి, కార్డునకు అర్థమగునట్లు మార్చి పంపును. ఈ పని చాలవరకు ప్రాసెసరులోని ఒక్క కోరు మీదనే పడును. తక్కిన కోరులు చేతులు ముడుచుకొని కూర్చుండును. అడవిలో గీయవలసిన వస్తువులు తక్కువ. సంతలో వందలు, వేలు. బాగేపల్లి బాలుని బొమ్మ నగరములో ఏల తడబడెనో ఇప్పుడు బోధపడును. హమాలీలకు బలము చాలక కాదు, గుమాస్తా చేయి చాలక.

గుమాస్తాను నిందించుటయు తగదు. తప్పు బస్తా వచ్చినచో అతడు ప్రక్కన పెట్టును, చిల్లి పడినదానిని కుట్టించును. ఆట వ్రాసినవారి పొరపాట్లను డ్రైవరు వ్రాసినవారు ఎన్నియో ఏండ్లు మౌనముగా దిద్దుచు వచ్చిరి. ఈ మాట మరువకుడు, ముందు పనికివచ్చును.

క్రొత్త పద్ధతిలో బస్తాలను ఊళ్ళలోనే పదిమంది ఏకకాలమున తూచి, కట్టలు కట్టి, పట్టీ వ్రాసి తెత్తురు. మండీలో పట్టీ చూచి నేరుగా లారీకెత్తుదురు. దీనిని కంప్యూటరు ఆటలలో మొదట గట్టిగా చూపినది ఏఎండీ వారు 2013లో ప్రకటించిన ‘మాంటిల్’. 2014 జనవరి చివర ‘బ్యాటిల్‌ఫీల్డ్ 4’ అను ఆటకు అది అందినది. ఆ ఏడే ఆపిల్ వారు ‘మెటల్’ను తెచ్చిరి. 2015 జులైలో విండోస్ 10తో పాటు డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చినది. మాంటిల్ ఎక్కువ కాలము బ్రతుకలేదు గాని, దాని పునాది మీదనే క్రోనోస్ అను సంస్థ 2016 ఫిబ్రవరి 16న వల్కన్‌ను వెలువరించినది. ఆ యేడాది జులైలో ‘డూమ్’ ఆటకు వల్కన్ చేర్చగా, ఓపెన్‌జీఎల్‌లో నీరసించియుండిన ఏఎండీ కార్డులు ఒక్కసారి పుంజుకొన్నవి. ఎన్‌విడియా కార్డులకు లాభము అంతకన్న తక్కువ. ఏఎండీ కార్డులలో ఒకే కాలమున రెండు రకముల పనులు నడుపు ఏర్పాటు ముందునుండియే యుండెను. పాత భాషలో దానిని పిలుచుటకు మాట లేకుండెను.

ఈ చరిత్రలో మనవారి పేరొకటి కలదు. రాజా కోడూరి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, పిమ్మట ఖరగ్‌పూర్ ఐఐటీయందును చదివి, ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతియై, 2017 నవంబరులో ఇంటెల్‌కు పోయి, 2023 మార్చి వరకు అచ్చట పని చేసిరి. వారి హయాములో 2022లో ఇంటెల్ ‘ఆర్క్’ కార్డులు వచ్చినవి. మన విషయమునకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు. ఆ కార్డులు డైరెక్ట్‌ఎక్స్ 12లోను, వల్కన్‌లోను ధరకు తగినట్లు పరుగెత్తినవి. పాత డైరెక్ట్‌ఎక్స్ 9 ఆటలలో మాత్రము ఆశ్చర్యకరముగా మందగించినవి. కారణము: ఇరువదియేండ్లుగా పండిన గుమాస్తా పోటీవారికి కలడు, ఇంటెల్‌కు లేడు. పాత ఆజ్ఞలను డైరెక్ట్‌ఎక్స్ 12లోనికి అనువదించి నడుపవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరి నాటికి డ్రైవరును మార్చగా అవే కార్డుల మీద ఆ ఆటల వేగము బాగుగా పెరిగినది. ఇనుము అదే, మారినది వ్రాతయే.

అట్లని క్రొత్త భాషలో గుమాస్తా పని పూర్తిగా పోయినదనుకొనరాదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ బి580 కార్డు ధరకు మంచి కార్డని అందరును మెచ్చిరి. మరుసటి నెలలోనే పరీక్షకులు దానిని నాలుగైదేండ్ల నాటి ప్రాసెసర్లతో జతపరచి చూడగా, కొన్ని ఆటలలో వేగము చాల పడిపోయినది. క్రొత్త ప్రాసెసరుతో కొలిచిన అంకెలను చూచి పాత యంత్రమునకు కార్డు కొనువారు ఇట్లు మోసపోవుదురు. మోసగించినవాడు మాత్రము ఎవడును లేడు. ఆ కార్డులకు ‘రీసైజబుల్ బార్’ అను ఏర్పాటు బోర్డులో నుండవలెనని ఇంటెల్ వారే చెప్పియున్నారు. మన తాలూకాలలోని పాత బోర్డులు చాలవానికి అది లేదు.

ఇక క్రొత్త భాషల చిక్కులు. పట్టీ తప్పైనచో దిద్దువాడు లేడంటిమి. మెమరీ పంపకము, పనుల వరుస, అన్నియు ఇప్పుడు ఆట వ్రాయువారి భారము. నేర్పరులు వ్రాసినచో మేలు. లేనిచో పాత గుమాస్తాయే నయము. 2022 డిసెంబరులో ‘విచర్ 3’ ఆటను డైరెక్ట్‌ఎక్స్ 12కు మార్చినప్పుడు, వేగము తగ్గినదని అనేకులు తిరిగి 11 మీదనే ఆడిరి. పెద్ద సంస్థకే అట్లైనది. మరియొకటి, షేడర్ల తయారి. రంగు, వెలుగు నిర్ణయించు చిన్న ప్రోగ్రాములను ఆయా కార్డునకు తగినట్లు ముందే సిద్ధము చేసికొననిచో, ఆట మధ్యలో క్షణక్షణము బొమ్మ ఆగును. పిల్లలు దీనినే చూచి కార్డు చెడినదని మా వద్దకు తెత్తురు! రెండవసారి ఆడి చూడుమని పంపుచున్నాము. స్టీమ్ డెక్ అను చేతి యంత్రమునకు ఈ బాధ తక్కువ. అన్నింటిలోను ఒకే చిప్ వర్గము కనుక సిద్ధము చేసిన షేడర్లనే పంపగలరు.

క్రొత్త భాష పాత కార్డును వాకిటనే నిలిపివేయుటయు కలదు. ఇది తండ్రులు బాగుగా వినవలసినది. 2023 అక్టోబరులో వచ్చిన ‘ఆలన్ వేక్ 2’ మెష్ షేడర్లను కోరినది. అవి లేని ఎన్‌విడియా జీటీఎక్స్ 10 వరుస కార్డులు దానిలో కుంటినవి. 2024 మార్చిలో సవరణ వచ్చిన పిదప కొంత కోలుకొన్నవి. 2024 డిసెంబరు నాటి ‘ఇండియానా జోన్స్’ ఆటయైతే వల్కన్ మీద నడచుచు, రే ట్రేసింగు ఏర్పాటు లేని కార్డును అసలు అంగీకరింపదు. ఇచ్చట సెట్టింగు మార్చి ప్రయోజనము లేదు. కార్డే మారవలెను, లేదా ఆ ఆటను విడువవలెను. విడువుమనియే మా సలహా, కాని వయసు పిల్లలు వినరు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది గనుక యంత్రమంతయు పారవేయవలెనని కొందరు వర్తకులు చెప్పుచున్నారట. తొందరపడవలదు. లినక్స్ మీద వల్కన్ నడచును. 2018లో వచ్చిన ప్రోటాన్ సాయమున విండోస్ ఆటలనేకము అచ్చట ఆడును. దొంగాటను పట్టు కాపలా ప్రోగ్రాములున్న కొన్ని పోటీ ఆటలు మాత్రము ఆడవు. ముందే విచారించుకొనుడు.

పరీక్ష ఎట్లు చేయవలెను? ఆట తడబడుచోట తెర కొలతను 1,080 నుండి 720కి దింపుడు. చుక్కలు సగముకన్న తక్కువగును. అప్పుడు వేగము బాగుగా పెరిగినచో భారము కార్డు మీద నున్నది. ఏపీఐ మార్చిన పెద్ద లాభము రాదు. పెరుగనిచో భారము ప్రాసెసరు మీదను, డ్రైవరు మీదను ఉన్నది. అప్పుడు సెట్టింగులలో డైరెక్ట్‌ఎక్స్ 12గాని వల్కన్‌గాని యున్నదేమో వెదకి మార్చి, ఆటను మూసి తెరచి, రెండవసారి ఆడి చూడుడు. తగ్గినచో తిరిగి పాతదానికే పొండు. ఈ పరీక్షకు అరగంట చాలును. మేము ఆ అరగంట వెచ్చింపక ఒక రైతు చేత 26,000 వెచ్చింపజేసితిమి.

ఆయన యొద్దకు మేమే పోయి సంగతి చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “తెలిసుంటే ముందే చెప్పుంటివి గదన్నా” అనెను. కోపపడినచో మాకు తేలికగా నుండెడిది. ప్రాసెసరు, బోర్డు, మెమరీ వాపసు తీసికొని పూర్తి సొమ్ము ఇచ్చితిమి. పాత భాగములను తిరిగి బిగించితిమి. బాలుడు వల్కన్ మీద ఆడుచున్నాడు.

వచ్చే రెండు ఆదివారములు ఉదయము 10 గంటల నుండి 1 గంట వరకు సంఘపు గదిలో తెర, కీబోర్డు, విద్యుత్తు సిద్ధముగా నుండును. చింతామణి, బాగేపల్లి వారు కూడ కంప్యూటరు పెట్టెను మాత్రము తెచ్చినచో చాలును. ఏ అంగడిలో కొన్నదైనను పరీక్షించి చూపెదము. రుసుము లేదు. పిల్లవానితో పాటు తండ్రి గాని తల్లి గాని తప్పక రావలెను.